గోడ వైపు తిరిగి కూర్చునే మనిషి

పోయిన నెల రెండో మంగళవారం పొద్దున పదిన్నరకు నా ల్యాప్‌టాప్ తెర మూలన చిన్న గడి ఒకటి వచ్చింది. కొత్త అప్‌డేట్ ఉంది, ఇప్పుడే చేసుకుంటారా, తర్వాత చేసుకుంటారా అని అడిగింది. దేన్నీ నొక్కకుండా లేచి, మంచినీళ్ళు తాగి వచ్చి, ఒకప్పుడు నా ల్యాప్‌టాప్ బాగుచేసిన, ఇప్పుడు ఎల్లారెడ్డిలో ఉన్న ఆయనకు ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. ఆయన పోయి పదకొండు రోజులైందని చెప్పింది. పొద్దున నమాజుకు లేచి, కాళ్ళు కడుక్కుంటూ అక్కడే కూలబడ్డాడట. ఆస్పత్రి దాకా కూడా పోలేదట.

"మీకేం కావాలె సార్?" అని అడిగింది.

అప్‌డేట్ నొక్కాలా వద్దా అని అడగడానికి చేశానని చెప్పలేకపోయాను. ఊరికే చేశానన్నాను. ఆ ఇంటికి ఊరికే ఫోన్ చేసే మనిషిని కానని ఆమెకు తెలుసు. తర్వాత, ఆయన గురించి రాయాలనుకుంటున్నానని చెప్పాను. రాయమంది. పేరు మాత్రం పెట్టొద్దంది. పెండ్లి కావలసిన పిల్లలున్నారని, పేరు పెడితే జరిగింది మళ్ళీ అందరికీ గుర్తొస్తుందని చెప్పింది. అందుకే ఇందులో ఆయన పేరు లేదు.

కామారెడ్డిలో స్టేషన్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో ఆయన దుకాణం ఉండేది. ఒక షట్టరు, ఒక బల్ల, గుండ్రంగా తిరిగే స్టూలు. బల్ల మీద పాత దిండు. ల్యాప్‌టాప్‌ను ఆ దిండు మీద బోర్లా పడుకోబెట్టి పని మొదలుపెట్టేవాడు. కుడి బొటనవేలి గోరు పెంచుకున్నాడు. మూతల అంచుల్లో దాన్ని దూర్చి ఒక్కొక్క కొక్కేన్నీ చప్పుడు లేకుండా విప్పేవాడు. వచ్చినవాళ్ళకు చాయ్ తెప్పించేవాడు గానీ కప్పు బల్ల మీద పెట్టనిచ్చేవాడు కాదు. కలెక్టరాఫీసు నుంచి వచ్చిన అధికారైనా వంగి నేల మీదే పెట్టాలి. తను కూడా అట్లాగే పెట్టేవాడు, రెండుసార్లు తన్నుకుని పారబోసుకోవడం నేను చూశాను.

ఎవరు ఏ మిషన్ తెచ్చినా ముందు దాన్ని ముట్టుకునేవాడు కాదు. సగానికి చించిన తెల్లకాగితం, పెన్ను ముందుకు జరిపేవాడు. అది ఆగేముందు ఆఖరున ఏం చేశారో రాయమనేవాడు. దాదాపు అందరూ ఒకే మాట చెప్పేవాళ్ళు: ఏం చెయ్యలేదు, దానంతట అదే ఆగింది. ఆయన ఒప్పుకునేవాడు కాదు. రాయడం రానివాళ్ళు చెబుతుంటే తనే రాసి, చదివి వినిపించి, సరేనా అని అడిగేవాడు. సదాశివనగర్‌లో ఎరువుల దుకాణం పెట్టుకున్న ఒకాయన, పోలీస్ స్టేషన్లో కూడా ఇంత తిప్పలు పెట్టరని గొణిగాడు.

"ఆడ కొడ్తరు గద సేఠ్, జల్దిన చెప్తరు" అన్నాడు ఈయన నవ్వకుండా. "నేను కొట్ట. అందుకె టైం పడ్తది."

మిషన్ బాగయ్యాక చేసే పని ఇంకా వింతగా ఉండేది. ల్యాప్‌టాప్‌ను కస్టమర్ వైపు తిప్పి, మీ సామాను మీరే చూసుకోండ్రి అని చెప్పి, స్టూలు తిప్పుకుని గోడ వైపు మొహం పెట్టి కూర్చునేవాడు. వాళ్ళు తమ ఫైళ్ళు, ఫోటోలు తెరిచి అన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, మూసేసి, అయిందని చెప్పేదాకా ఇటు తిరిగేవాడు కాదు. ఆ గోడ మీద ఏమీ లేదు. పెచ్చులూడిన సున్నం, ఒక మేకు. బ్యాంకులో పనిచేసే ఒకాయన ఒకసారి ఎగతాళి చేశాడు, మా ఫోటోలు చూస్తే నీ కండ్లు పోతయా ఏంది అని.

"నా కండ్లకేం గాదు సార్. మీ నిద్ర పోతది" అని గోడకే జవాబు చెప్పాడు.

పన్నెండేళ్ళు గల్ఫ్‌లో ఇదే పని చేసి వచ్చాడు. ఈ అలవాటు అక్కడే ఏదో జరిగి పట్టుకుందని అనుకునేవాళ్ళం. అడిగితే చెప్పలేదు.

మాచారెడ్డి వైపు నుంచి బీడీలు చుట్టే ఒకామె కూతురి ల్యాప్‌టాప్‌ను పాత చీరలో చుట్టుకుని తెచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. మరునాటికల్లా కూతురు పరీక్ష ఫారం నింపాలి. పిల్ల బిక్కచచ్చి నిలబడింది. తల్లి చెబుతుంటే ఆయన రాశాడు. మొదట కరెంటు పోయిందంది, తర్వాత పిల్లి తన్నిందంది. ఆయన అవి కూడా రాశాడు. రాసింది చదివి వినిపిస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది. దుమ్ము పట్టిందని తడిగుడ్డతో తుడిచానని, గుడ్డ సరిగా పిండలేదని అప్పుడు చెప్పింది.

"తుడుచుడు మంచి పనే అక్కా. నీళ్ళు జర్ర ఎక్కువైనయ్, గంతే" అన్నాడు.

లోపలి భాగాలు విప్పి, ఫ్యాను ముందు ఆరబెట్టి, మధ్యాహ్నానికి మిషన్ లేపాడు. వాళ్ళ వైపు తిప్పి, తను గోడ వైపు తిరిగాడు. ఆమె నా దగ్గరికి జరిగి, "గీయన అలిగిండా సార్?" అని మెల్లగా అడిగింది.

ఆ సందులోనే ఇంకో రెండు దుకాణాలున్నా హాస్టల్లో ఉండి చదువుకునే ఆడపిల్లలు ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. తల్లులు అక్కడికే పంపేవాళ్ళు. పని తెలిసినవాళ్ళు కామారెడ్డిలో ఇంకా ఉన్నారు. కానీ లోపల ఏముందో చూడడు అన్న మాట ఆయన ఒక్కడికే ఉండేది. ఆ దుకాణం నడిచింది ఆ మాట మీదనే. ఆ మాట పోగొట్టినవాణ్ణి నేను.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. రోజూ కాల్వ గేజీ చూసి ఎంత నీళ్ళు పోతున్నాయో రాయడంతో నా ఉద్యోగం మొదలైంది. చేతికి అదే అలవాటై, ఇంటికొచ్చాక నా రోజును కూడా రాసుకునేవాణ్ణి. నలభై రెండేళ్ళ డైరీలు జమయ్యాయి. మా రిటైర్డ్ ఉద్యోగుల సంఘంలో ఏదైనా తేదీ మీద పేచీ వస్తే, సార్ డైరీలో ఏమున్నదో చూడుండ్రి అనేవాళ్ళు. అందులో ఉందంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు. మా ఆవిడ మాత్రం, డైరీకి జరమొస్తే మీకు తెలుస్తది, నాకొస్తే తెల్వది అనేది.

ఆయనకు కూడా నా రాత మీద గౌరవం ఉండేది. మొదటిసారి కీబోర్డు పనిచేయడం లేదని పోయినప్పుడు, ఆయన ఇచ్చిన సగం కాగితం చాలక వెనక వైపు కూడా నింపాను. ఏ రోజు ఏ అక్షరం ఆగిందో వరసగా ఉంది. చదివి తల ఊపాడు. ఆ కాగితాన్ని పారేయకుండా బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. ఏం చెయ్యలేదు అనే ప్రతివాడికీ దాన్ని చూపించి, గీ సార్ లెక్క రాయుండ్రి అని చెప్పేవాడు. నేను ఏ పనీ లేకపోయినా ఆ సందులోంచి పోయేవాణ్ణి. ఎందుకో ఇప్పుడు ఒప్పుకోవడానికి ఇబ్బందేమీ లేదు. ఆ కాగితం అక్కడుందో లేదో చూసుకోవడానికే.

కొన్నేళ్ళ కింద మా బీరువా వెనక నుంచి చెదలు వచ్చి పాత డైరీలను పట్టాయి. ల్యాప్‌టాప్ కొన్నది అందుకే. చదవగలిగినంత చదివి, రోజుకు నాలుగు పేజీలు ఎక్కించడం పెట్టుకున్నాను. ఒక డైరీ పూర్తికాగానే, ఇల్లంతా పాకుతాయని ఆవిడ పోరితే, ఆ పుస్తకాన్ని పెరట్లో కాల్చేసేవాణ్ణి. అట్లా పంతొమ్మిది డైరీలు కాగితం మీద లేకుండా పోయాయి.

ఒక సాయంత్రం ల్యాప్‌టాప్ అప్‌డేట్ అడిగితే సరేనని నొక్కాను. సగం కాకముందే అంకె కదలడం మానేసింది. తర్వాత తెర ఆరింది, వెలిగింది, చుక్కలు గుండ్రంగా తిరిగాయి, మళ్ళీ ఆరింది. తొమ్మిదిసార్లు అట్లా అయింది. పదోసారి వెలగలేదు. జరిగిందంతా గంటలు, నిమిషాలతో సహా రెండు పేజీలు రాసి, పొద్దున్నే దుకాణానికి పట్టుకుపోయాను. ఆయన నిలబడే మొత్తం చదివాడు.

ఆ రోజంతా నేను అక్కడే కూర్చున్నాను. బ్యాటరీ తీసేసి, బటన్ నొక్కి పట్టుకుని ఉర్దూలో ముప్పై దాకా లెక్కపెట్టాడు. చెవి దగ్గర పెట్టి ఫ్యాను తిరుగుతోందా అని విన్నాడు. ఇంకో తెర తగిలించి చూశాడు. మిషన్ బతికే ఉందని, అప్‌డేట్ సగం ఎక్కి ఆగిందని, ఎక్కిందాన్ని మెల్లగా దించాలని చెప్పాడు. తొందరపడితే మొత్తం పోతుందన్నాడు. నేను ఇంటికొచ్చేశాను. మరునాడు మధ్యాహ్నం పిలిపించాడు.

తెర వెలుగుతోంది. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలు. తాళం తీయడానికి నెంబర్ అడుగుతోంది. ఆరు అంకెల చొప్పున ఎనిమిది వరసలు, మొత్తం నలభై ఎనిమిది అంకెలు.

ఇది తను పెట్టింది కాదన్నాడు. కొన్నప్పటి నుంచే లోపల ఉంటుందట. "తలుపు తెరిచి ఉన్నన్ని దినాలు తాళం మీకు కనవడలె సార్. మొన్న అప్‌డేట్ ఆగమాగమై తలుపు పడ్డది" అన్నాడు. కొన్న దుకాణంవాళ్ళు తెరిచిన ఖాతాలో ఆ నెంబర్ దొరుకుతుందట. ఆ దుకాణం ఎత్తేశారు, వాళ్ళు తమ ఫోన్ నెంబర్‌తో తెరిచిన ఖాతాలోకి పోయే దారి లేదు. అయితే మొదట్లో ఒకసారి ఆ నెంబర్ మీకు చూపించి ఉంటారు, రాసి పెట్టుకునే ఉంటారు, వెతకండ్రి అన్నాడు.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ కొన్న ఏడాది డైరీ, ఆ తర్వాతి ఏడాది డైరీ మొదటి పేజీ నుంచి చివరి దాకా చూశాను. కొన్న రోజు పేజీలో మిషన్ రంగు కూడా ఉంది. నెంబర్ లేదు. మరునాడు ఆ రెండు డైరీలూ సంచిలో వేసుకుపోయి ఆయన బల్ల మీద పెట్టాను. పైనున్న దాని మీద చెయ్యి వేసి, ఇందులో లేదంటే అసలు లేనట్టే అని చెప్పాను.

"డైరీల లేదు సార్" అన్నాడు ఆయన. "ఇంట్ల ఇంకెక్కడన్న ఉండొచ్చు."

నా డైరీలో లేనిది నా ఇంట్లో ఇంకెక్కడో ఉంటుందని అప్పటిదాకా ఎవరూ అనలేదు. నాకు మంట లేచింది. నేను తెచ్చినప్పుడు ఈ తాళం లేదు, రెండు దినాలు నీ దగ్గరుంటే వచ్చింది అన్నాను. అప్పటిదాకా ఆయన్ని మీరు అనేవాణ్ణి. లోపల ఏమేం చదివినవ్ అని కూడా అడిగాను.

ఆయన మొహంలో రంగు మారింది. "నేను సూడ సార్" అన్నాడు. ల్యాప్‌టాప్‌ను మూసి, గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టి, జిప్పు వేసి ఇచ్చాడు. నేను మెట్టు దిగుతుంటే వెనక నుంచి చెప్పాడు, ఎవరికి ఇచ్చినా ఫార్మాట్ కొట్టనియ్యొద్దని, కొడితే మిషన్ నడుస్తుంది గానీ నా రాతలు పోతాయని, నెంబర్ దొరికేదాక అట్లాగే ఉంచమని.

ఆ ఆదివారం సంఘం మీటింగులో నేను లేచి మాట్లాడాను. పంతొమ్మిదేళ్ళ నా జీవితాన్ని చదివి, చదివింది బయటపడకుండా తాళం వేశాడని చెప్పాను. తేదీలతో చెప్పాను. నేను తేదీలతో చెబితే ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. అసొంటోళ్ళకు ఎందుకిచ్చిన్రు సార్ అని వెనక వరసలో ఎవరో అన్నారు. అసొంటోళ్ళు అంటే ఏమిటని నేను అడగలేదు. అర్థం కాక కాదు. ఆ క్షణాన ఆ మాట నా పక్షాన ఉంది కాబట్టి ఊరుకున్నాను.

ల్యాప్‌టాప్‌ను నిజామాబాద్‌లో ఇంకో దుకాణానికి తీసుకుపోయాను. ఫార్మాట్ తప్ప దారి లేదన్నారు. నేను ఒప్పుకోలేదు. వెనక్కి తెచ్చి బీరువాలో పెట్టాను. ఆయన వద్దన్నాడని పెట్టాను. ఊళ్ళో ఆయన్ని దొంగంటూ, ఇంట్లో ఆయన చెప్పినట్టే చేశాను.

సంఘంలో ఇరవై మందిమి ఉంటే ఇరవై ఇండ్లు, ఆ ఇండ్లకు కోడళ్ళు, మనవరాళ్ళు, వాళ్ళకు స్నేహితురాళ్ళు. చూస్తాడట అన్న మాట ఒక నెలలో హాస్టళ్ళ దాకా పోయింది. ఆడపిల్లలు రావడం ఆగిపోయింది. తర్వాత వాళ్ళ తల్లులు, తర్వాత మిగతావాళ్ళు. ఆర్నెల్లకు షట్టరు మీద అద్దెకు ఇవ్వబడును అని రాసి ఉంది. ఆయన ఎల్లారెడ్డికి, సొంత ఇంటికి పోయాడని విన్నాను. ఆ రోజు డైరీలో, సందులో షట్టరు మూసి ఉన్నది అని మాత్రమే రాశాను.

పోయిన వానాకాలం మా స్లాబు కారి బీరువాలోకి నీళ్ళు దిగాయి. తడిసిన డైరీల అట్టలు విప్పి ఎండకు ఆరేశాను. ఏటా కొత్త డైరీకి పోయినేడాది గోడ క్యాలెండర్ కాగితంతో అట్ట వేయడం నాకు అలవాటు. చెమటకు తట్టుకుంటుందని నున్నటి వైపు పైకి, తెల్ల వైపు లోపలికి మడుస్తాను. ఆ రోజు విప్పిన ఒక కాగితం తెల్ల వైపు నీలం సిరాతో నా చేతిరాత ఉంది. ఆరేసి అంకెలు, ఎనిమిది వరసలు. కింద ల్యాప్‌టాప్, జాగ్రత్త అని రాసి గీత కూడా గీశాను.

తడి కాగితం ముందు కూర్చుంటే అంతా గుర్తొచ్చింది. కొన్న మరునాడు దుకాణంవాళ్ళు ఫోన్ చేసి, తెర మీద కనిపించే నెంబర్ రాసి పెట్టుకోమన్నారు. నేను డైరీ రాత్రి భోజనమయ్యాకే ముడతాను, పగలు రాయను. పగటి సంగతులు చేతికందిన కాగితం మీద రాసి, రాత్రి ఎక్కిస్తాను. ఆ పగలు చేతికందింది గోడ మీంచి చించి పెట్టిన అంతకుముందు నెల క్యాలెండర్ కాగితం. ఆ సాయంత్రం పెద్దకొడప్‌గల్‌లో మా వదిన పోయిందని కబురొచ్చి ఉన్నపళంగా బయలుదేరాం. మూడు రోజుల తర్వాత వచ్చి ఆ చావు గురించి రాశాను. నెంబర్ ఎక్కించలేదు. ఏడాది చివర ఆ కాగితమే తర్వాతి డైరీకి అట్టయింది. ఆయన బల్ల మీద పెట్టి, చెయ్యి వేసి, ఇందులో లేదని నేను చెప్పింది ఆ డైరీ మీదనే.

మరునాడు ఎల్లారెడ్డి బస్సెక్కాను. ల్యాప్‌టాప్ ఒళ్ళో ఉంది. తాడ్వాయి దాటాక, ఎట్లా మొదలుపెట్టాలో ఒక కాగితం మీద రాసుకున్నాను. లింగంపేట దగ్గర చించేశాను.

ఆయన ఇంటి ముందు రేకుల కింద చిన్న బల్ల వేసుకుని మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు బాగుచేస్తున్నాడు. బొటనవేలి గోరు కత్తిరించేసుకున్నాడు. నన్ను చూసి లేచి, రాండ్రి సార్ అన్నాడు, కుర్చీ తుడిచాడు. నేను క్యాలెండర్ కాగితం చేతికిచ్చాను. వరసలు లెక్కపెట్టుకుని, దొరికిందా అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, సంతోషమూ లేదు. మిషన్ నా వైపు తిప్పి, మీరే కొట్టుండ్రి అన్నాడు. ఆయన అంకెలు చదువుతుంటే నేను కొట్టాను. రెండుసార్లు తప్పుపోయింది. మూడోసారి తెర తెరుచుకుంది. నా పంతొమ్మిదేళ్ళు వరసగా కనిపించాయి. తలెత్తేసరికి ఆయన అక్కడ లేడు. లోపలికి పోయి, నేను పిలిచేదాకా రాలేదు.

వచ్చాక చెప్పాను. తప్పు నాదని, నా కాగితం నా దగ్గరే ఉండగా మిమ్మల్ని నలుగురిలో బదనాం చేశానని చెప్పాను. చేతులు పట్టుకోబోతే గ్రీజుందని వెనక్కి తీసుకున్నాడు.

"నాకు చెప్పుడెందుకు సార్?" అన్నాడు. "నేను చెయ్యలేదని నాకు తెలుసు. తెల్వనోళ్ళకు చెప్పుండ్రి."

వచ్చే మీటింగులోనే చెబుతానని మాటిచ్చాను. ఆయన భార్య చాయ్ తెచ్చింది. తాగి వచ్చాను.

ఆ మీటింగులో సంఘానికి కొత్త కార్యవర్గం ఎన్నిక. నన్ను కార్యదర్శిగా పెట్టాలని ఇద్దరు ప్రతిపాదించారు. సార్ రాసిందంటే రాతే, అటుపక్క ఇటుపక్క ఉండదు అని పొగిడారు. అప్పుడు లేచి క్యాలెండర్ కాగితం సంగతి చెప్పడానికి నోరు రాలేదు. కార్యదర్శినయ్యాను. పై నెల చెబుదామనుకున్నాను. పై నెల ఒకరికి సన్మానం. ఆ పై నెల నాకు దగ్గు. ఈసారి కూడా చెప్పలేదు అని మూడు నెలలు డైరీలో రాశాను. నాలుగో నెల నుంచి అది రాయడం కూడా మానేశాను.

చలికాలంలో ఆయన ఒకసారి ఫోన్ చేశాడు. బస్టాండ్ వెనక ఒక రూము చూశాడట, మళ్ళీ కామారెడ్డిలో దుకాణం పెట్టుకుందామని. ఎల్లారెడ్డిలో మిక్సీలతో ఇల్లు గడవడం లేదని ఆయన అనలేదు, నాకు తెలుసు. ఆ రూము మా సంఘం మెంబరు ఒకాయనదే. ఆ మెంబరు వెనకాముందు ఆడుతున్నాడట.

"మీరొక్క మాట అంటే ఇస్తడంట సార్. చెప్పిన్రా?"

వచ్చే ఆదివారం చెబుతానన్నాను. సరే సార్ అన్నాడు. ఆదివారం ఆ రూము ఆయన నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. మధ్యలో నా వైపు వంగి, మీ తాళమాయన నా రూము అడుగుతుండు, ఏమంటరు అని కూడా అడిగాడు. మీ ఇష్టం అన్నాను. రెండు మాటలు. అవి డైరీలో లేవు. ఎల్లారెడ్డి నుంచి ఆయన మళ్ళీ ఫోన్ చేయలేదు.

ఆయన పోయాడని ఆయన భార్య ఫోన్‌లో చెప్పిన తర్వాత వచ్చిన ఆదివారం మీటింగులో, మొదటి విషయంగా నేను లేచాను. పద్దెనిమిది మంది ఉన్నారు. ఏదీ దాచలేదు. అట్ట కాగితం, నా చేతిరాత, ఎల్లారెడ్డికి పోవడం, మాటివ్వడం, మాట తప్పడం, మీ ఇష్టం అనడం. ఆయన ఏ తప్పూ చేయలేదని, జీవితంలో ఎవరి ఫైలూ చూడలేదని, ఆయన్ని ఊరు విడిపించింది నా అబద్ధమని చెప్పాను. కూర్చున్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు.

అధ్యక్షుడు లేచి, చనిపోయినోని మీద పగ పెట్టుకోవద్దని, సార్‌ది పెద్ద మనసని అన్నారు. పోయినోళ్ళ గురించి మంచే మాట్లాడాలని ఇంకొకరు అన్నారు. మంచోడే ఉండొచ్చు పాపం అని రూము ఆయన అన్నాడు. నేను మళ్ళీ లేచి, మంచి చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను అన్నాను. కూర్చోండి సార్, బీపీ పెరుగుతది అని మంచినీళ్ళు ఇచ్చారు.

మాట్లాడింది నేనే కాబట్టి ఆ రోజు మీటింగు రిజిస్టరు సహాయ కార్యదర్శి రాశాడు. సంతకాల కోసం నా దగ్గరికి వచ్చినప్పుడు చదివాను. కామారెడ్డిలో గతంలో ల్యాప్‌టాపులు బాగుచేసిన ఒకరి మృతికి సంతాపం తెలిపినట్టు, ఆయన వల్ల తనకు కలిగిన నష్టాన్ని మరచి కార్యదర్శి గారు ఆయనను క్షమించినందుకు సభ్యులు హర్షం ప్రకటించినట్టు ఉంది.

ఇది నేను అన్నది కాదన్నాను.

"మీరన్నదే సార్" అన్నాడు అతను. "జర్ర మంచి భాషల రాసిన, గంతే."

పెన్ను తీసుకుని దాని కింద రాశాను. పై వాక్యం నిజం కాదు, ఆయన ఏ తప్పూ చేయలేదు, తప్పు నాది, తెలిసి కూడా ఎనిమిది నెలలు చెప్పలేదు అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. రిజిస్టరు పక్క కుర్చీకి పోయింది. రూము ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని నేను రాసిందంతా పెదవులు కదుపుతూ చదివాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పోయినోని తప్పు మీదేసుకునెటోళ్ళు ఇయ్యాల రేపు ఎవలున్నరు సార్" అన్నాడు. నా సంతకం కింద తన సంతకం పెట్టి, రిజిస్టరును పక్కవాళ్ళకు అందించాడు.